ఆనర్స్ హాల్లో ఒక ఖాళీ మంచం

కిందటేడు వేసవిలో గుంటూరు వైపు ఒక మహిళా డిగ్రీ కాలేజీ లెక్చరర్ నాకు ఉత్తరం రాసింది. ఈమెయిలే అనుకోండి, కానీ ఉత్తరం లాగే రాసింది, క్షేమసమాచారాలతో మొదలుపెట్టి. "మేడం, మాకు నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ వచ్చింది. మీరు అమెరికాలో ఆనర్స్ కాలేజీలో చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నారని తెలిసింది. అక్కడ పిల్లలు ఎలా కలిసి చదువుకుంటారో, హాస్టల్ ఎలా నడుపుతారో రాస్తే మేమూ ఆ పద్ధతిలో ఏదైనా మొదలుపెడతాం" అని.

సులువైన పని అనుకున్నాను. మా కాలేజీ వాళ్లు అచ్చేసిన రంగురంగుల పుస్తకం ఎలాగూ ఉంది, అందులోంచి నాలుగు ముక్కలు తెలుగులో రాస్తే సరిపోతుంది. రెండు పేజీలు రాశాక "ఇక్కడ అందరూ ఒక కుటుంబంలా ఉంటారు" అనే వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆ వాక్యం అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు. దాన్ని రాయడానికి నాకు అర్హత ఉందా అనేదే నాకు తేలలేదు. ఆ తేలకపోవడం గురించే ఈ వ్యాసం.

ముందు ఆనర్స్ కాలేజీ అంటే ఏమిటో చెప్పాలి. అది విడిగా, వేరే ఊళ్లో ఉండే కాలేజీ కాదు. వేలమంది చదివే ప్రభుత్వ విశ్వవిద్యాలయం కడుపులో, కొద్దిమంది కోసం కట్టుకున్న ఇంకో చిన్న కాలేజీ. బయట మొదటి సంవత్సరం కెమిస్ట్రీ క్లాసులో మూడు వందలమంది కూర్చుంటారు. ఇక్కడ సెమినార్లో ఇరవైమంది. కోర్సులు ఎంచుకునే వారంలో ఆనర్స్ పిల్లలకు మిగతావాళ్ల కంటే ముందు తలుపు తెరుస్తారు, కాబట్టి మంచి టీచర్లు, మంచి వేళలు వీళ్లకే దొరుకుతాయి. చివరి ఏడు ఒక ప్రొఫెసర్ పక్కన కూర్చుని థీసిస్ రాస్తారు. ఉండటానికి వేరే హాస్టల్, దాన్ని ఆనర్స్ హాల్ అంటారు. ఈ ఆలోచన పుట్టిల్లు ఆక్స్‌ఫర్డ్. రోడ్స్ స్కాలర్‌షిప్ మీద అక్కడ చదువుకొచ్చిన ఫ్రాంక్ ఐడెలాట్ స్వార్త్‌మోర్ కాలేజీ అధ్యక్షుడయ్యాక 1922లో ఆనర్స్ సెమినార్లు ప్రవేశపెట్టాడు. అందరు విద్యార్థులనూ కవాతు చేయించినట్టు ఒకే అడుగులో నడిపించడం ఆయనకు నచ్చలేదు. (ఆ రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆడవాళ్లు ఆక్స్‌ఫర్డ్‌లో అడుగుపెట్టింది 1977లో. ఇది పక్కమాట, కానీ మనం గుర్తుపెట్టుకోవాల్సిన పక్కమాట.) ఆ తర్వాత ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అందుకున్నాయి. మిషిగన్ స్టేట్‌లో 1956లో, ఆరెగాన్‌లో 1960లో, అరిజోనా స్టేట్‌లో 1988లో, పెన్ స్టేట్‌లో దాతల సొమ్ముతో 1997లో. తెలివైన పిల్లలు ప్రైవేటు కాలేజీలకు వెళ్లిపోకుండా రాష్ట్రంలోనే నిలుపుకోవాలి, అదీ లెక్క. లెక్క అనే మాట కావాలనే వాడుతున్నాను.

ఇందులో మంచి ఉంది. ముందుగా అదే చెప్పకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. నా సెమినార్ గదిలో బల్ల గుండ్రంగా ఉంటుంది. సెప్టెంబరులో ఆ బల్ల దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి, నవంబరు వచ్చేసరికి "ప్రొఫెసర్, మీరు చెప్పినదానితో నేను ఒప్పుకోను" అంటుంది. ఆ వాక్యం వినడానికే నేను ఈ ఉద్యోగం చేస్తున్నానని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. నేను గుంటూరులో డిగ్రీ చదివిన మూడేళ్లలో ఒక్క లెక్చరర్‌తోనూ ఆ మాట అనలేదు. మొక్కజొన్న పొలాల మధ్య చిన్న ఊళ్ల నుంచి, ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనిషిగా వచ్చే పిల్లలకు పేరుమోసిన ప్రైవేటు కాలేజీ ఫీజు అందదు. ఇరవైమంది కూర్చునే గది వాళ్లకు దొరికేది ఇక్కడే. రాత్రి పదకొండింటికి ఆనర్స్ హాల్ కింది అంతస్తులో వంటగది దగ్గర నేలమీద కూర్చుని అరిస్టాటిల్ గురించి పోట్లాడుకునే పిల్లలను చూశాను. నూడుల్స్ గిన్నె చేతులు మారుతూ ఉంటుంది. అది చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి.

మాకు ఒక కమిటీ ఉంటుంది. ముగ్గురు అధ్యాపకులు, ఏడాదికొకరు అధ్యక్షులు. సెమిస్టర్ చివర గ్రేడ్ల సగటు మూడున్నరకు తగ్గినవాళ్ల జాబితా వస్తుంది. ఒకసారి తగ్గితే హెచ్చరిక. రెండోసారి తగ్గితే ఆనర్స్ నుంచి తీసేస్తాం. హాల్ ఆనర్స్ పిల్లలకే కాబట్టి, గది కూడా పోతుంది. కొన్నేళ్ల కిందట ఒక డిసెంబరులో ఆ ఉత్తరాల మీద సంతకం పెట్టే వంతు నాది. ఏడు ఉత్తరాలు. అచ్చులో పోసినవి. మొదటి వాక్యం "మీ కృషిని అభినందిస్తున్నాం", ఆఖరి వాక్యం గది ఏ తారీఖుకు ఖాళీ చెయ్యాలో. ఏడింటిలో ఒకటి రెండో సంవత్సరం చదివే అమ్మాయిది. సగటు మూడుకు పైన ముప్పై ఎనిమిది పైసలు. పైసలని ఎందుకన్నానో తెలియదు, కానీ ఆ రోజు అలాగే చూశాను, పైసల్లాగా. అయిదు నిమిషాల్లో ఏడు సంతకాలు పూర్తిచేసి కాఫీకి వెళ్లాను.

ఫిబ్రవరిలో, అధ్యాపకులు హాస్టల్‌కి వెళ్లి పిల్లలతో టీ తాగే కార్యక్రమం ఒకటి ఉంటుంది, దానికి వెళ్లాను. మూడో అంతస్తులో ఒక తెలుగమ్మాయి ఉంది. క్లాసులో నన్ను ప్రొఫెసర్ అంటుంది, మెట్ల మీద కనిపిస్తే ఆంటీ అంటుంది, రెండూ సరిగ్గానే అంటుంది. తన గది చూపిస్తానని తీసుకెళ్లింది. రెండు మంచాలు. ఒకదానిమీద గళ్ల దుప్పటి, వాళ్లమ్మ పంపిన చింతకాయ పచ్చడి సీసా కిటికీ గట్టుమీద. రెండోది ఉత్త పరుపు, నీలం రంగు ప్లాస్టిక్ తొడుగుతో. గోడ మీద బొమ్మలు అంటించి పీకేసిన మరకలు. బయట వరండాలో "మనమంతా ఒకే కుటుంబం" అని కాగితపు అక్షరాలు కత్తిరించి అతికించారు.

"ఎవరు ఉండేవాళ్లు ఇక్కడ?" అన్నాను. పేరు చెప్పింది. నేను సంతకం పెట్టిన పేరు.

మిగతాది ఆ గదిలో కూర్చుని విన్నాను. ఆ అమ్మాయి తల్లికి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలిసిస్. రెండుసార్లు ఈ పిల్లే నలభై మైళ్లు కారు నడుపుకుంటూ వెళ్లి తీసుకెళ్లేది. వారంలో నాలుగు రాత్రులు వృద్ధుల ఆశ్రమంలో ముసలివాళ్లకు పక్కలు మార్చే పని. తెల్లవారి అయిదింటికి హాల్‌కి వచ్చి పడుకునేది. ఇదంతా కమిటీకి చెప్పుకోవచ్చు. చెప్పుకోవడానికి ఒక ఫారం కూడా ఉంది. ఆమె నింపలేదు. సాకులు చెప్పేదాన్ని అనుకుంటారని తెలుగమ్మాయితో అన్నదట. ఆ పిల్ల గురించి ఆ హాల్లో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి, తెల్లవారుజామున బాత్‌రూములు కడిగే గ్వాటెమాలా ఆవిడ. అయిదింటికి మెలకువగా ఉండేది ఆవిడొక్కతే కదా. మా పుస్తకంలో "మన సముదాయం" అనే పేజీలో ఆవిడ ఫొటో లేదు.

లేచి వెళ్లబోతుంటే తెలుగమ్మాయి అంది, "ఆంటీ, ఒక విషయం. ఆర్గానిక్ కెమిస్ట్రీ నోట్సు నన్ను రెండుసార్లు అడిగింది. నేనివ్వలేదు. ఆ క్లాసుకి కర్వ్ ఉంది."

కర్వ్ అంటే తెలియనివాళ్లకు: క్లాసులో ఇంతమందికి మించి ఏ గ్రేడ్ రాకూడదని ముందే గీత గీసుకోవడం. పక్కమనిషికి నోట్సు ఇస్తే పక్కమనిషి పైకి వెళ్తుంది. ఆమె పైకి వెళ్తే నేను కిందికి జారవచ్చు. ఆ అమ్మాయి దుర్మార్గురాలు కాదు. ఆ మంచానికి ఎదురుగా రెండు నెలలు ఒంటరిగా పడుకుని ఆ సంగతి మోసింది. ఎవరికైనా చెప్పాలనిపించి నాకు చెప్పింది. నేనేదో ఓదార్పు మాట చెబుతాననో, తిడతాననో అనుకుని ఉంటుంది. నా నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ నోట్సు కథ నాకు ముందే తెలుసు. ముప్పై ఏళ్ల ముందు నుంచి తెలుసు.

1990లో నేను కోస్తాలో ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. రెండో సంవత్సరం. లేడీస్ హాస్టల్లో ముగ్గురికి ఒక గది. నా రూమ్మేట్లలో ఒకమ్మాయిది ప్రకాశం జిల్లాలో ఒక ఊరి మాలపల్లె. సోషల్ వెల్ఫేర్ హాస్టళ్లలో చదువుకుంటూ అక్కడిదాకా వచ్చింది. మా ముగ్గురిలో ఇంగ్లీషు వ్యాకరణం బాగా వచ్చింది ఆమెకే. నిజం చెప్పాలంటే ఆ విషయం నాకు అప్పట్లో కొంచెం గుచ్చుకునేది. ఆ ఆగస్టులో వి.పి. సింగ్ ప్రభుత్వం మండల్ సిఫార్సులు అమలు చేస్తామని ప్రకటించింది. కేంద్ర ఉద్యోగాల్లో వెనకబడిన కులాలకు 27 శాతం. ఆమె కోటాకి దానితో సంబంధమే లేదు, కానీ మెస్సులో మాటలు అక్కడ ఆగలేదు. "మెరిట్ పిల్లల గతేమిటి" అని మొదలయ్యేవి, ఆమె ప్లేటు తీసుకుని వచ్చి కూర్చోగానే ఆగిపోయేవి. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. అదే మేము మా మంచితనం అనుకున్నాం.

జె.ఆర్.ఎఫ్. పరీక్షకి కొందరం కలిసి చదువుకునేవాళ్లం. అయిదుగురం. ఎవరూ పేరు పెట్టలేదు గానీ ఆ గుంపు ఎలా ఏర్పడిందో ఇప్పుడు చూస్తే చాలా స్పష్టంగా ఉంటుంది. అయిదుగురివీ రెండు కులాలు. సీనియర్ల దగ్గర్నుంచి వచ్చిన పాత ప్రశ్నలు, లైబ్రరీలో ఒక్కటే ఉన్న పుస్తకాల నుంచి రాసుకున్న నోట్సు, అన్నీ రెండు లాంగ్ నోట్‌బుక్కుల్లో ఉండేవి. అవి నా ట్రంకు పెట్టెలో ఉండేవి. ఒక సాయంత్రం ఆమె అడిగింది. "అక్కా, ఆ నోట్సు ఒక్క రోజుకి ఇస్తావా?" నాకంటే నాలుగు నెలలే చిన్న, అయినా అక్కా అనేది. "వేరేవాళ్లు తీసుకెళ్లారే" అన్నాను. పెట్టె మీదే కూర్చుని ఉన్నాను.

నాకు ఫెలోషిప్ వచ్చింది. ఆ తర్వాత మరో స్కాలర్‌షిప్, మరో దేశం, ఈ గుండ్రటి బల్ల. ఆమె జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరయింది. నోట్సు ఇచ్చి ఉంటే ఆమెకూ వచ్చేదా అంటే చెప్పలేను. అది కాదు ప్రశ్న. ఆ పెట్టె మీద కూర్చున్న మనిషి తన తోటి ఆడపిల్లల సమానత్వం గురించి అప్పటికే రెండు కవితలు అచ్చేయించుకుంది. మండల్ వ్యతిరేక ఆందోళనలో వీధుల్లోకి వచ్చిన పైకులాల అమ్మాయిలు తమను కులం లేని పౌరుల్లా ఎలా చూసుకోగలిగారో సూసీ తారు, తేజస్వినీ నిరంజన 1994లో విశ్లేషించారు. నేను ఆ వ్యాసాన్ని ప్రతి ఏడూ క్లాసులో చెబుతాను. ట్రంకు పెట్టె సంగతి ఇప్పటిదాకా ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఆనర్స్ అనే మాటని తెలుగులో ఏమంటాం? గౌరవం అంటే డాక్టరేట్ల వైపు పోతుంది. మర్యాద అంటే పెళ్లివారి వైపు. మా పెదనాన్న ఇంటి గేటు మీద పేరు కింద "బి.ఏ. (ఆనర్స్)" అని చెక్కించి ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మూడేళ్ల ఆనర్స్ చదివినవాళ్లకు ఆ కాలంలో ఊళ్లో కలెక్టరంత విలువ. అదే గేటు లోపల మా పెద్దమ్మ అయిదో తరగతి. ఆయన తెచ్చిన ప్రతి పుస్తకం ఆయన ఆఫీసుకి వెళ్లాక చదివేది, ఆయన వచ్చే వేళకి ఎక్కడున్నది అక్కడ పెట్టేసేది. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంగ్లీషు మాటకు మన భాషలో నిలిచిన అర్థం ఇంకోటి ఉంది, పరువు. పరువు మోసే బరువు ఆడపిల్లది, అది పోతే శిక్ష కూడా ఆడపిల్లకే. ఆ వసంతంలో తెలుగమ్మాయి తండ్రి నాకు ఫోన్ చేశాడు. "మీరు మనవాళ్లు కాబట్టి అడుగుతున్నానమ్మా. ఆ రూమ్మేట్ వెళ్లిపోయిన దగ్గర్నుంచి మా పిల్ల డల్‌గా ఉంటోంది. దానికి కూడా ఆనర్స్ పోతే మేం నలుగురిలో తలెత్తుకోలేం." ఆయన బాధ అబద్ధం కాదు. కానీ ఆ క్షణంలో నాకు రెండు ఆనర్లూ ఒకటే అయిపోయాయి. సంపాదించుకున్నదనీ, ఎప్పుడైనా పోగొట్టుకోవచ్చుననీ, పోతే ఇంట్లో చోటు ఉండదనీ చెప్పేది ఏదైనా ఆడవాళ్లకు కొత్తది కాదు. మనం చాలా పాత అనుభవజ్ఞులం.

ఆనర్స్ పట్టికల చరిత్రలో ఆడవాళ్ల కథ కూడా విచిత్రమే. కేంబ్రిడ్జిలో 1881 నుంచి ఆడవాళ్లు ట్రైపాస్ ఆనర్స్ పరీక్షలు రాయవచ్చు, ఏ స్థానం వచ్చిందో చదువుతారు, డిగ్రీ మాత్రం ఇవ్వరు. 1890లో న్యూన్‌హమ్ విద్యార్థిని ఫిలిప్పా ఫాసెట్ లెక్కల్లో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. మగవాళ్ల పట్టికలో మొదటివాడిని సీనియర్ రాంగ్లర్ అంటారు. ఆమెది "సీనియర్ రాంగ్లర్‌కు పైన" అని ప్రకటించారు. పైన, అంటే పట్టిక బయట. 1897లో ఆడవాళ్లకు డిగ్రీలిచ్చే ప్రతిపాదన ఓటుకు వస్తే, సైకిల్ మీద కూర్చున్న ఆడమనిషి దిష్టిబొమ్మను సెనేట్ హౌస్‌కు ఎదురుగా వేలాడదీశారు. ఓటు ఓడిపోయింది. డిగ్రీ వచ్చింది 1948లో. ఆ తలుపుల బయట నిలబడి రాసిన వర్జీనియా వూల్ఫ్ గది గురించి చెప్పిన మాటలు మనలో చాలామందికి నోటికి వచ్చు. ఆమె తర్వాత రాసిన 'త్రీ గినీస్' (1938) ను మనం అంత తరచుగా తలుచుకోం. చదువుకున్న మగవాళ్ల ఊరేగింపులో చేరే ముందు, ఏ షరతుల మీద చేరుతున్నామని అడుగుతుంది అందులో. బిరుదులు, పట్టాలు వద్దనుకునే బయటివాళ్ల సంఘం ఒకటి ఊహిస్తుంది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇస్తామంటే 1933లో ఆమే వద్దంది. నాకు పాతికేళ్ల వయసులో గది పుస్తకమే కావలసింది. యాభై దాటాక, గది తాళాలు నా చేతికొచ్చాక, రెండోదే ఎక్కువ బాధపెడుతోంది.

ఇదంతా మా విభాగంలోని ఒక సహోద్యోగినితో అన్నాను. నల్లజాతి స్త్రీ, నాకంటే పదేళ్లు పెద్ద, ఇలాంటి ఆనర్స్ ప్రోగ్రాంలోనే చదివి పైకి వచ్చింది. ఆమె నవ్వలేదు. "నువ్వు లోపల కూర్చుని తలుపు గురించి సిగ్గుపడుతున్నావు. నా ఊరి పిల్లలకి ఆ తలుపు ఒక్కటే ఉంది. నీ అపరాధ భావం తీరడానికి దాన్ని మూసేయకు" అంది. ఆమె మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది. నిజమే, ఆనర్స్ కాలేజీ రేపు ఎత్తేస్తే ఆ డబ్బు మూడు వందలమంది క్లాసుకు చేరదు. ఫుట్‌బాల్ స్టేడియానికి చేరుతుంది. డబ్బున్నవాళ్ల పిల్లలకు ఇరవైమంది కూర్చునే గదులు ఎలాగూ ఉంటాయి. పోయేది పేదపిల్లలకే. మన దగ్గర గురుకులాల గురించి మాట్లాడేటప్పుడు కూడా నాకు ఈ చిక్కు కనపడుతుంది. ఎంపిక చేసి కొందరిని తీసుకోవడం తప్పు అనడం, ఎంపిక అవసరం లేని ఇంట్లో పుట్టినవాళ్లకు సులువు.

అయితే ఆమె మాటకీ నా బాధకీ వైరం లేదని నెమ్మదిగా అర్థమయింది. ఆమె మాట్లాడుతున్నది లోపలికి వచ్చే తలుపు గురించి. నన్ను తొలుస్తున్నది బయటికి తోసే తలుపు. ఈ రెండూ ఒకే తలుపు కానక్కరలేదు. 'మెరిటోక్రసీ' అనే మాటను జనంలోకి తెచ్చిన మైకేల్ యంగ్ 1958లో దాన్ని వెక్కిరింపుగా వాడాడు. ప్రతిభావంతులు తమ స్థానం తమ హక్కనే నమ్మకంతో కిందివాళ్ల మీద కనికరం పోగొట్టుకున్న సమాజాన్ని ఊహించి రాశాడు. తర్వాతి తరం దాన్నే ఆదర్శంగా నెత్తిన పెట్టుకుంటే చివరి రోజుల్లో మొత్తుకున్నాడు. ఐరిస్ మేరియన్ యంగ్ 1990లో వచ్చిన తన పుస్తకంలో రెండు పనులు చేసింది. ప్రతిభ అనే కొలబద్ద పక్షపాతం లేనిది కాదని చూపించింది. 'కమ్యూనిటీ' అనే ఆదర్శాన్నీ అనుమానించింది. అందరం ఒక్కటే అనుకునే కోరిక, మనలా లేనివాళ్లను బయట పెట్టే కోరికగా ఎంత తొందరగా మారుతుందో చెప్పింది. నేను చదివినప్పుడు మొదటిది గట్టిగా గీత గీసుకున్నాను. రెండోదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. స్త్రీవాదంలోకి సోదరీత్వం వెతుక్కుంటూ వచ్చిన నాకు అది మింగుడుపడలేదు. ఇప్పుడు ఆ వరండాలోని కాగితపు అక్షరాలు గుర్తొస్తాయి. కుటుంబం అనగానే, ఎవరు చివర తింటారు, ఎవరిని పంపించేస్తారు అని అడగడం మనకు స్త్రీవాదమే నేర్పింది. కాలేజీ తనను కుటుంబం అన్నప్పుడు మనం ఆ ప్రశ్న ఎందుకు మర్చిపోతాం?

అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఆదర్శ సమాజం గురించి చెబుతూ, ఒక చోట జరిగిన మార్పు మిగతా చోట్లకు చేరే దారులు నిండుగా ఉండాలంటాడు. దానికి పొరల గుండా ద్రవం ఇంకినట్టుండే ఇంకుడు అనే అర్థం వచ్చే మాట వాడతాడు, కొలంబియాలో తన గురువైన జాన్ డ్యూయీ దగ్గర నేర్చుకున్న మాట. ఆ కొలతతో చూస్తే సముదాయం అంటే లోపలున్నవాళ్లు ఎంత ఆప్యాయంగా ఉన్నారన్నది కాదు. లోపలి నుంచి బయటికి ఏం ఇంకుతోంది అన్నది. ఒక నోట్‌బుక్కు ఒక మంచం నుంచి ఎదురు మంచానికి ఇంకలేదు. మేమంతా అరిస్టాటిల్ స్నేహం గురించి ఏమన్నాడో చర్చిస్తూనే ఉన్నాం.

గది అన్నది బహుమతి కాదు. ఇది నాకు ఎంత మామూలు విషయంగా ఇప్పుడు కనిపిస్తోందంటే, అప్పుడు ఎందుకు కనిపించలేదా అని భయమేస్తుంది. సెమినార్లో చోటుకు షరతు పెట్టవచ్చేమో, దానిమీద వాదించుకోవచ్చు. కానీ నిద్రపోయే చోటును మార్కులకు కట్టడం వేరే సంగతి. 2020లో కోవిడ్ రోజుల్లో ఢిల్లీలోని పేరున్న ఒక మహిళా కాలేజీలో లెక్కల ఆనర్స్ చదివే షాద్‌నగర్ అమ్మాయి నవంబరులో ఇంటి దగ్గర ప్రాణం తీసుకుంది. ఆ ఇంటి పెద్ద మోటార్ సైకిళ్లు బాగుచేసే మెకానిక్. ఆన్‌లైన్ పాఠాలకు సరైన ల్యాప్‌టాప్ లేదు. రావలసిన స్కాలర్‌షిప్ చేతికి రాలేదు. హాస్టల్ మొదటి సంవత్సరం వాళ్లకే, మీరు ఖాళీ చెయ్యండని చెప్పారు. ఇంటికి భారమయ్యానని రాసి వెళ్లింది. ఆమె మార్కులకు వంక పెట్టడానికి లేదు, ఆమె మెరిట్టే. ఆమెను లోపలికి తీసుకోవడం కాలేజీకి వచ్చు. లోపల ఉంచుకోవడం ఎవరి పని అన్నది ఏ రూల్సులోనూ లేదు. మా ఊళ్లో ఆ పిల్ల బతికే ఉంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టను. కానీ షాద్‌నగర్ వార్త చదివిన రాత్రి నాకు గుర్తొచ్చింది నీలం తొడుగు పరుపే.

ఆ వసంతం చివర్లో నేను కమిటీకి రాతపూర్వకంగా ఒక ప్రతిపాదన పెట్టాను. సగటు తగ్గినా హాల్లో గది ఆ విద్యా సంవత్సరం చివరిదాకా ఉండాలి. ఉత్తరం పంపే ముందు కమిటీలో ఎవరో ఒకరు ఆ పిల్లతో ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ఆనర్స్ తరగతుల్లో కర్వ్ తీసెయ్యాలి. ఒకాయన "అప్పుడు ఆనర్స్ అనే మాటకు అర్థమేముంటుంది?" అన్నాడు. అది మంచి ప్రశ్న, నేనూ అదే అడుగుతున్నానని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. మొదటిది ఒప్పుకున్నారు. రెండోది "వీలైనంతవరకు" అనే మాట చేర్చి ఒప్పుకున్నారు. మూడోది ఏ విభాగానికి ఆ విభాగం నిర్ణయం అన్నారు. ఇప్పటికీ కెమిస్ట్రీలో కర్వ్ ఉంది. తెలుగమ్మాయి ఆ తర్వాతి సెమిస్టర్లో తన నోట్సు స్కాన్ చేసి క్లాసు మొత్తానికి పంపింది. ఆమె సగటు కొంచెం తగ్గింది, ఆనర్స్ పోలేదు. వాళ్ల నాన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి నేను తీయలేదు.

వెళ్లిపోయిన అమ్మాయికి ఉత్తరం రాశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది, రెండు లైన్లు. వాళ్ల ఊరి దగ్గర కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్‌లో చేరిందట, తల్లి బాగానే ఉందట. నన్ను క్షమిస్తున్నాననో, లేదనో ఏమీ లేదు. నేను అడగనూ లేదు. పెట్టె మీద కూర్చున్నప్పటి స్నేహితురాలి నంబరు కూడా సంపాదించాను. రిటైర్‌మెంట్‌కి దగ్గరలో ఉంది, హెడ్‌మిస్ట్రెస్ అయిందట. ఫోన్ చేసి అరగంట మాట్లాడుకున్నాం, హాస్టల్ వార్డెన్ గురించి, మెస్సులో గోంగూర గురించి. చెప్పాలనుకున్నది మాత్రం చెప్పలేదు. పెట్టేసే ముందు "అక్కా, ఆ రోజుల్లో నీ ట్రంకు పెట్టెకి ఎంత పెద్ద తాళం ఉండేదో!" అని నవ్వింది. ఆమెకు తెలుసనే అనుకుంటున్నాను. ఇంకోసారి చెయ్యాలి.

లెక్చరర్‌కి ఉత్తరం పూర్తి చేశాను. గుండ్రటి బల్ల గురించి వివరంగా రాశాను, బల్లకు డబ్బు లేకపోతే చాపలు వేసుకుని గుండ్రంగా కూర్చున్నా చాలని కూడా. ఇరవైమందికి మించకుండా తరగతి పెట్టుకోగలిగితే ఎంత బాగుంటుందో, పిల్లలచేత థీసిస్ రాయించడం ఎలాగో రాశాను. మన దగ్గర నాలుగో ఏడు పరిశోధనతో ఆనర్స్ చెయ్యాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలని యు.జి.సి. 2022లో గీత గీసింది. ఆ గీత కింద పడిన పిల్లలను కూడా ఆ గదిలో కూర్చోనివ్వడానికి ఏ రూలూ అడ్డురాదని గుర్తుచేశాను. చివర ఒక ప్రశ్న అడిగాను: మీ హాస్టల్లో గది దేన్నిబట్టి ఇస్తారు, మార్కులు తగ్గిన పిల్ల ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

కుటుంబం అనే వాక్యం కొట్టేశాను. ఆవిడ నుంచి జవాబు ఇంకా రాలేదు. సెమిస్టర్ పరీక్షల ఇన్విజిలేషన్లో ఉండి ఉంటుంది.